రాసినావా? టెస్టింగ్ పనికి ఒక్క పుస్తకం

(నెల్లూరులో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళ ముందు ఒక టెస్ట్ లీడ్ చేసిన ప్రసంగం. మాట తీరు పెద్దగా మార్చకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినప్పుడు టెస్టింగ్ టూల్స్ గురించి చెప్పమన్నారు. టూల్స్ గురించి యూట్యూబ్‌లో బోలెడు ఉంది, నాకంటే బాగా చెప్పేవాళ్ళున్నారు. నేను పద్నాలుగేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మా టీములు దెబ్బతిన్నప్పుడల్లా వెనక్కి వెళ్ళి చూస్తే కారణం ఒకటే కనిపించింది. ఏం టెస్ట్ చేయాలి, ఎవరు చేయాలి, దేనితో చేయాలి, ముందు ఏది, తర్వాత ఏది అన్నది ఒక్కచోట లేదు. తలా ఒక ముక్క తెలుసు. మొత్తం ఎవరికీ తెలియదు. ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

మాది ఇందుకూరుపేట మండలం. మా నాయనకు ఐదు రొయ్యల గుంటలు. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో స్విచ్ బోర్డు పక్కన ఒక మేకు, ఆ మేకుకు పురికొసతో వేలాడదీసిన పొడుగు నోట్‌బుక్కు. మీలో చాలామంది ఇళ్ళల్లో ఆ పుస్తకం ఉండే ఉంటుంది. మేత ఎంత వేశారు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఉప్పదనం, పీహెచ్, అన్నీ అందులోనే. ఆ లెక్కలు అందరూ రాస్తారు. మా నాయన పుస్తకంలో మొదటి పేజీ మాత్రం వేరు. దాని మీద పెద్ద అక్షరాలతో ‘రాత్రి కరెంటు పోతే’ అని ఉంటుంది. కింద డీజిల్ క్యాన్ ఎక్కడుందో, జనరేటర్ స్టార్ట్ కాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో. ఆ కింద ఒక్క వరస: ‘ముందు 5, తర్వాత 2, తర్వాత 1. 3, 4 కాసేపు ఆగొచ్చు.’

మా జనరేటర్ చిన్నది. ఐదు గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లనూ ఒక్కసారి లాగలేదు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. పగలు ఎండలో ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రిపూట దాన్ని పీల్చేసుకుంటుంది. పట్టుబడికి దగ్గరైన గుంటలో రొయ్య పెద్దది, మొత్తం బరువు ఎక్కువ, దానికి కావలసిన గాలీ ఎక్కువ. అందుకే ఆ గుంట ముందు. పిల్ల వదిలి వారమైన గుంట ఇంకాసేపు ఓర్చుకుంటుంది. ఇదంతా మా నాయనకు నోటికి వచ్చు. కానీ రాత్రి మూడు గంటలకు కరెంటు పోయినప్పుడు షెడ్డులో ఉండేది కాపలా కుర్రాడు. నిద్రమత్తులో లేచి, టార్చి వేసుకుని వాడు చూసేది ఆ పేజీనే.

ఆ పేజీ మీద ఎప్పుడూ తేదీ ఉంటుంది. ఐదో గుంట పట్టుబడి అయిపోయిన రోజే పాత పేజీ చించేసి కొత్తది రాస్తాడు మా నాయన. ఏదైనా కొత్త సంగతి చెబితే ఆయన నోట వచ్చే మొదటి మాట ‘రాసినావా?’ అని. ‘గుర్తుందిలే నాయనా’ అని నేనంటే, ‘నీకు గుర్తుంటాదిలే మా. నువ్వు లేనప్పుడు ఎవరిని అడగాల?’ అనేవాడు. చిన్నప్పుడు నాకది చాదస్తంగా అనిపించేది.

చెన్నైలో ఒక కంపెనీలో పనిచేసేటప్పుడు ఆ చాదస్తం విలువ తెలిసింది. దుకాణాలవాళ్ళు బిల్లు వేసి, డబ్బు తీసుకునే యాప్ మాది. పదకొండు మంది టెస్టర్లం. టెస్ట్ కేసులు, అంటే ఏది ఎలా టెస్ట్ చేసి చూడాలో రాసుకున్నవి, కొన్ని ఒకరి ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీటుగా ఉండేవి, కొన్ని వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లుగా, ఇంకొన్ని పాత మెయిళ్ళలో. చాలా భాగం మా సీనియర్ ఒకామె తలలో ఉండేది. ఆమెను మేమంతా అక్కా అనేవాళ్ళం. డబ్బు కట్టేటప్పుడు సరిగ్గా ‘పే’ నొక్కిన క్షణంలో నెట్ పోతే ఏమవుతుందో ప్రతి రిలీజ్‌కూ, అంటే యాప్ కొత్త వెర్షన్ జనానికి వదిలే ప్రతిసారీ, ఆమే చూసేది. ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుని, పే నొక్కి, వెంటనే ఏరోప్లేన్ మోడ్ వేసి, పది సెకన్లు ఆగి, నెట్ వచ్చాక మళ్ళీ నొక్కేది. ఆ పాత ఫోన్ ఆమె డ్రాయర్‌లో ఉండేది. తాళం ఆమె దగ్గర ఉండేది.

అక్క తన పెళ్ళికి సెలవు పెట్టింది. ఆ శుక్రవారమే రిలీజ్. మేం పదిమందిమీ రాత్రి పదకొండు దాకా కూర్చుని టెస్ట్ చేశాం. టీ కూడా సీటు దగ్గరికే తెప్పించుకున్నాం. తర్వాత లెక్క తీస్తే తేలింది. లాగిన్ స్క్రీన్ ఆరుగురం చూశాం. డిస్కౌంట్ స్క్రీన్ నలుగురం చూశాం. నెట్ పోయాక మళ్ళీ నొక్కే సంగతి ఒక్కరం కూడా చూడలేదు. సోమవారం పొద్దున ఫోన్లు మొదలయ్యాయి. కస్టమర్ల ఖాతాల్లోంచి ఒకే బిల్లుకు డబ్బు రెండుసార్లు పోతోంది. ఒక పెద్దాయన మందుల షాపులో అలా రెండుసార్లు కట్టి, ఊరికి పోను ఖాతాలో ఏమీ మిగలక షాపు మెట్ల మీదే కూర్చున్నాడని షాపతను చెప్పాడు. ఆ ఫోన్ ఎత్తింది నేనే.

ఆ రాత్రి మాలో ఎవరం బద్ధకించలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కష్టపడిన కష్టమంతా ఎక్కడ పెట్టాలో తెలియక, చేసిందే చేశాం. నాలుగు నెలల కిందట అక్క ఈ సంగతి గ్రూపులో ఒక మెసేజ్‌గా పెట్టింది కూడా. దాని మీద రెండు వందల గుడ్ మార్నింగ్‌లు, పుట్టినరోజు శుభాకాంక్షలు పడిపోయాయి.

‘అన్నీ టెస్ట్ చేసేస్తే పోలా?’ అని అడిగే మేనేజర్లు మీకు తగులుతారు. వాళ్ళకు ఈ లెక్క చూపించండి. ఒక స్క్రీన్‌లో అవును, కాదు అని ఎంచుకునే గడులు పది ఉంటే, అవి 1,024 రకాలుగా కలుస్తాయి. ఇరవై ఉంటే 10,48,576. ఒక్కోదానికి ఒక్క నిమిషం పట్టినా, రాత్రింబవళ్ళు నిద్రపోకుండా చేస్తే దాదాపు రెండేళ్ళు. అదీ ఒక్క స్క్రీన్‌కు. కాబట్టి ఏదో ఒకటి వదిలేయక తప్పదు. మీరు కూర్చుని ఆలోచించి వదిలేశారా, లేక గమనించకుండా వదిలేశారా అన్నదే తేడా. మా జనరేటర్‌లాగే టీము కూడా ఎప్పుడూ చిన్నదే. ‘3, 4 కాసేపు ఆగొచ్చు’ అని రాయడానికి ధైర్యం కావాలి. ఆ వరస రాసినవాళ్ళే నిజంగా టెస్టింగ్ ప్లాన్ చేసినట్టు.

మరి ఆ ఒక్కచోట ఏముండాలి? టెస్ట్ కేసులు ఉండాలని అందరూ చెబుతారు. నేను ముందు అడిగేవి వేరే. టెస్ట్ చేయడానికి ఏ ఫోన్లున్నాయి, అవి ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి, ఏ ఆండ్రాయిడ్ వెర్షన్. టెస్ట్ సర్వర్ అడ్రస్ ఏంటి, లాగిన్ ఇచ్చేది ఎవరు, ఆ మనిషి లేకపోతే రెండో మనిషి ఎవరు. ఏ పని ఎవరికి బాగా తెలుసు. ఇప్పటికే తెలిసిన బగ్స్, అంటే లోపాలు, ఏవి. లేకపోతే కొత్తగా వచ్చినవాళ్ళు వాటినే మళ్ళీ మూడు రోజులు కష్టపడి కనిపెడతారు. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయకండి. ఎవరిని అడగాలో రాస్తే చాలు.

మనూళ్ళో రొట్టెల పండుగ చూడండి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో లక్షలమంది దిగుతారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇవ్వడానికి, కోరుకునేవాళ్ళు తీసుకోవడానికి వస్తారు. విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె... దేని బోర్డు దానికుంటుంది. అంత జనంలో ఆ బోర్డు లేకపోతే ఉద్యోగ రొట్టె ఉన్న మనిషి, అది కావలసిన మనిషి పక్కపక్కనే నిలబడి కూడా కలుసుకోలేరు. మా ఆఫీసులో జరిగింది అచ్చం అదే. పాత ఫోన్ డ్రాయర్‌లో ఉంది. అది కావలసినవాళ్ళం రెండు అడుగుల దూరంలో కూర్చున్నాం.

ఇప్పుడు ప్రయారిటీ సంగతికి వస్తాను. ఇంటర్వ్యూల్లో సివియారిటీకి, అంటే లోపం ఎంత పెద్దదన్నదానికి, ప్రయారిటీకి, అంటే ఎంత తొందరగా చూడాలన్నదానికి తేడా అడుగుతారు. మీరూ బట్టీపట్టిన జవాబు చెబుతారు. నాకు అది అర్థమైంది ఇక్కడికి వచ్చేశాక, రొయ్యల రైతుల కోసం తయారైన ఒక యాప్‌ను టెస్ట్ చేసినప్పుడు. అందులో రోజువారీ ధరల పట్టిక ఉంది. మీకు తెలుసు, కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు అని. 30 కౌంటు పెద్ద రొయ్య, ధర ఎక్కువ. 100 కౌంటు చిన్నది, ధర తక్కువ. రైతు చూపు ముందు పై వరస మీదే పడుతుంది, అక్కడ 30 ఉండాలి. యాప్ ఆ అంకెల్ని అంకెలుగా కాకుండా అక్షరాలుగా చూసింది. అక్షరాల వరసలో 3 కంటే 1 ముందు. అందుకని 100 కౌంటు అన్నిటికంటే పైకెక్కి కూర్చుంది, దాని కింద 30, 40, 50.

యాప్ ఆగిపోలేదు. ఎర్రర్ రాలేదు. ధరలన్నీ సరిగ్గానే ఉన్నాయి. డెవలపర్ దాన్ని ‘మైనర్’ అని గుర్తు పెట్టాడు. సివియారిటీ లెక్కలో అతను చెప్పింది తప్పు కాదు. కానీ గట్టు మీద ఎండలో నిలబడి, ఫోన్ స్క్రీన్ సరిగా కనపడక, పై వరస ఒక్కటే చూసే రైతు ఏమనుకుంటాడు? ధర ఇంతగా పడిపోయిందా అనుకుని, పక్కనే నిలబడిన దళారి చెప్పిన రేటుకు తలూపేస్తాడు. నాలుగు నెలల పంట. అదే వారం ఇంకో బగ్ ఉంది: టాబ్లెట్‌ను అడ్డంగా తిప్పితే యాప్ మూసుకుపోతోంది. చూడటానికి భయంకరంగా ఉంటుంది. మా రైతుల్లో టాబ్లెట్ వాడేవాళ్ళు ఒక్కరూ లేరు. ఏది ముందు బాగుచేయాలో మా నాయనను అడిగితే ఒక్క క్షణంలో చెప్పేవాడు.

అందుకే మీ జాబితాలో ఆ రెండూ రెండు గడుల్లో ఉండాలి. ఎంత పెద్ద లోపం అన్నది ఒక గడి. ఎంత తొందరగా చూడాలి అన్నది ఇంకో గడి. మొదటిది టెస్టర్ రాయొచ్చు. రెండోది వాడేవాళ్ళ పని తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని రాయాలి. ఆ గడి పక్కనే, ఎందుకంత తొందరో కూడా ఒక్క ముక్క రాయండి. ‘చాలా తొందర’ అని రాస్తే సరిపోదు. ‘రైతు పై వరస చూసి అమ్మేస్తాడు’ అని రాయండి. ఆరు నెలల తర్వాత వచ్చినవాళ్ళకు ఆ ముక్కే పనికొస్తుంది.

మీ దగ్గర తప్పకుండా ఉండాల్సింది ఇంకొకటి ఉంది, అది బయట ఎక్కడా దొరకదు. తెలుగు టెస్ట్ డేటా. ఈ విషయం మీద నాకు కాస్త ఆవేశం ఎక్కువ, ఓపిక పట్టండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక జబ్బు చేసింది. ‘జ్ఞా’ అనే మన తెలుగు అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా వస్తే యాప్‌లు కుప్పకూలేవి, నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే స్తంభించిపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. జ్ఞానంలో ఉన్న జ్ఞా! మనం రెండో తరగతిలో పలక మీద దిద్దిన అక్షరం. ఆ కూర్పులో కంటికి కనపడని ఒక గుర్తు కూడా ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్.

ఆ గుర్తు ఎక్కడో ఉండేది కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని తెలుగులో రాసేటప్పుడు ట కింద వ ఒత్తుగా దిగిపోకుండా మధ్యలో పెట్టేది అదే. ఇప్పుడు మీ యాప్‌లో ఒకరు ఆ గుర్తు పెట్టి రాశారు, ఇంకొకరు పెట్టకుండా వెతికారు అనుకోండి. ప్రోగ్రాములో జాగ్రత్త తీసుకోకపోతే ఆ రెండూ వేరే మాటలైపోతాయి, వెతికితే దొరకదు. ‘స్త్రీ’ చూడండి. మన కంటికి ఒకటే అక్షరం. కంప్యూటర్‌కు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. పేరుకు ఇరవై అక్షరాలు చాలు అని డెవలపర్ గడి పెడితే, రంగనాయకమ్మ ఇంటిపేరుతో కలిపి రాసుకునేసరికి సగంలో తెగిపోతుంది. ఎస్సెమ్మెస్ అయితే ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పట్టే చోట తెలుగులో 70 పడతాయి. ఓటీపీ మెసేజ్ రెండు ముక్కలయిందా లేదా అని ఎవరో ఒకరు చూడాలి కదా.

నేను అలాంటి మాటలు, పేర్లు ఒక షీటులో దాచుకుంటూ వచ్చాను. పెంచలయ్య, మస్తానమ్మ, రంగనాయకమ్మ, ఇంటిపేరు ముందు ఉన్నవి, ఒక్క పొడి అక్షరమే ఇంటిపేరుగా ఉన్నవి, ఱ ఉన్నవి, మూడు ఒత్తులున్నవి. మన జిల్లా పేర్లే. ఏ కొత్త యాప్ వచ్చినా ముందు ఇవి పెట్టి చూస్తాను. పెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి దొరికింది. మనం చూడకపోతే కాలిఫోర్నియాలో కూర్చున్నవాళ్ళు చూడరమ్మా. వాళ్ళకు తెలియదు కాబట్టి చూడరు.

ఇదంతా పెద్ద కంపెనీలకే కుదురుతుందని అనుకోకండి. ప్రపంచం నలుమూలలా ఉండి, ఒకరి మొహం ఒకరు చూడని వాలంటీర్లు ఇలాగే పనిచేస్తున్నారు. 1998లో, ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ళు బగ్‌జిల్లా అని బగ్స్ రాసే పుస్తకం లాంటిది తెచ్చారు. ఫైర్‌ఫాక్స్ బగ్స్ ఇప్పటికీ అందులోనే, చాలావరకు ఎవరైనా చూడొచ్చు. డెబియన్ అని ఒక లినక్స్ ఉంది, అంటే విండోస్ లాంటి, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. వాళ్ళ పద్ధతి నాకు చాలా ఇష్టం. క్రిటికల్, గ్రేవ్, సీరియస్ అని మూడు మెట్ల బగ్స్‌ను వేరు చేసి పెట్టారు. ఈ మూడిట్లో ఏది ఉన్నా అది రిలీజ్‌కు అడ్డమే. ఆ జాబితా అందరి ముందూ ఉంటుంది. ‘రిలీజ్ ఎప్పుడు?’ అని ఎవరైనా అడిగితే ఆ జాబితా చూసుకుంటే తెలుస్తుంది, ఎంత దూరంలో ఉన్నారో.

ఆపడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. నెల్లూరు డాబాల మీద నిలబడి రాకెట్ చూడనివాళ్ళు ఈ హాల్లో ఉండరు. 2019 జులై 15 తెల్లవారుజామున 2:51కి చంద్రయాన్-2 ఎగరాలి. శ్రీహరికోటకు రాష్ట్రపతి వచ్చి ఉన్నారు. దేశమంతా టీవీల ముందు ఉంది. 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు, సాంకేతిక లోపం కనిపించింది. సరిచేసుకుని జులై 22న పంపారు. మా అమ్మ ఆ రాత్రి డాబా మీద చాప వేసుకుని కూర్చుని, ‘పోనీలే, చూసుకున్నారు’ అంది. అంతటి టెన్షన్‌లో ‘ఆపండి’ అనాలంటే, ఏది తప్పితే ఆపాలో ముందే తేల్చుకుని ఉండాలి. శుక్రవారం రాత్రి పదకొండింటికి, మేనేజర్ గుమ్మం దగ్గర నిలబడి ఉండగా తేల్చుకుందామంటే కుదరదు. మీ పుస్తకం మొదటి పేజీలో ‘ఇవి సరిగా లేకపోతే రిలీజ్ ఆగుతుంది’ అని నాలుగు వరసలు, ‘ఆపమని చెప్పే మనిషి’ అని ఒక పేరు ఉండాలి. నాలుగే. నలభై రాస్తే ఎవరూ చదవరు.

టూల్ గురించి త్వరగా ముగిస్తాను. బగ్స్, పనులు రాసుకునే జిరా సాఫ్ట్‌వేర్ ఉంటే అది, లేకపోతే గూగుల్ షీటు. నలుగురి టీముకు షీటు చాలు. అందరూ చూడగలగాలి, అందరూ రాయగలగాలి, ఎవరు ఎప్పుడు మార్చారో తెలియాలి. ఈ మూడూ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

కష్టమైన పని దాన్ని బతికించుకోవడం. నేను చాలా చోట్ల చూశాను. మొదటి నెల ఎంతో ఉత్సాహంగా రాస్తారు. మూడో నెలకు ఆ షీటులో ఉన్న ఫోన్లలో రెండు పగిలిపోయి ఉంటాయి, సర్వర్ అడ్రస్ మారి ఉంటుంది. ఒకసారి తప్పు సమాచారం దొరికిన మనిషి రెండోసారి ఆ షీటు తెరవడు, పక్కవాళ్ళను అడుగుతాడు. అక్కడితో దాని పని అయిపోయింది. అందుకని ప్రతి వారం ఒక మనిషి దాని బాధ్యత తీసుకోవాలి, వంతులవారీగా. సోమవారం పొద్దున పదిహేను నిమిషాలు. కొత్తవి చేర్చడం కంటే పాతవి తీసేయడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మా నాయన పేజీ చించేసినట్టు. పైన తేదీ వేయండి.

చేయెత్తారు కదా, అడగమ్మా.

(ఒక విద్యార్థిని: ‘మేడం, నాకు తెలిసినవన్నీ రాసిపెడితే ఇంక నాతో పనేముంది అనుకోరా?’)

ఈ భయం నాకూ ఉండేది. దాచిపెట్టి చెప్పను. మా అక్కకూ ఉండేది, తర్వాత ఆమే ఒప్పుకుంది. పెళ్ళయి ఆఫీసుకు వచ్చిన రోజు జరిగిందంతా విని, డ్రాయర్ తాళం తీసి ఆ ఫోన్ బల్ల మీద పెట్టింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని రాసింది. నూట నలభై వరసలు వచ్చాయి. వాటిలో నాకు తెలిసినవి ఇరవై కూడా లేవు. ఆ తర్వాత ఆమె రోజంతా ఆ నూట నలభై చూస్తూ కూర్చునే పని తప్పింది, అవి మేం చూసుకునేవాళ్ళం. ఆమె కొత్తవి వెతికేది. ఆ ఏడాది ఆమె పట్టుకున్నన్ని బగ్స్ ముందెప్పుడూ పట్టుకోలేదు. అందరి పనులూ ఆ షీటు చూసే పంచేవాళ్ళం కదా, దాని మొదటి పేజీ ఎలా ఉండాలో ఎప్పుడు గొడవ వచ్చినా అందరూ ఆమె వైపే చూసేవాళ్ళు.

సరే, టైమైంది. తెర మీద ఖాళీ షీటు ఒకటి తెరిచాను. తెలుగు సరిగా కనపడుతోందో లేదో చూడటానికి మనం ఒక గుంపుగా మొదలుపెడదామని నేను, ఇంకో ఇద్దరు స్నేహితులు అనుకున్నాం. అందరం వాడే యాప్‌లనే చూద్దాం, దొరికినవి వాళ్ళకు పంపిద్దాం. నా పేర్ల షీటు ఇందులో రెండో పేజీగా పెట్టాను. మొదటి పేజీ మీతో కలిసి రాస్తాను. ముందు ఫోన్లు. ఇంట్లో పక్కన పడేసిన పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉండి, ఆన్ అవుతున్నది ఎవరి దగ్గర ఉంది? చేతులెత్తండి. మూడో వరసలో ముగ్గురు, కిటికీ దగ్గర ఒకరు. ఆ కిటికీ దగ్గరి అబ్బాయితో మొదలుపెడదాం. ఏ మోడల్ నాన్నా? వెర్షన్ ఎంత ఉందో సెట్టింగ్స్‌లో చూసి చెప్పు, రాస్తున్నాను.